గాజు లేని గాజులు

ఎలా పడిందని అడగను.
అడిగితే అందరిదీ ఒకటే జవాబు:
"దానంతట అదే పడింది, నిబాల్దో."
కెమెరాకి కాళ్లున్నట్టు,
వాల్పరైసో మెట్ల మీద షికారుకి బయల్దేరినట్టు.

తల ఊపి చీటీ రాసిస్తాను.
నిజం దెబ్బే చెబుతుంది.
మూల సొట్టపోతే బల్ల అంచు.
అడుగున ఉప్పు పేరుకుంటే పడవ.
మీటల సందుల్లో చీమలుంటే పెళ్లి కేకు,
మూడంతస్తులది, పై అంతస్తులోకే పడుంటుంది.
మూత మీద పంటిగాట్లుంటే కుక్క అనుకుంటాం.
ఒకసారి అవి కుక్కవి కావు.
ఎవరివని నేనడగలేదు, అతను చెప్పలేదు,
పాపం, కొత్తగా పెళ్లయినవాడు.

ఈ ఊళ్లో నేల ఒకచోట ఉండదు.
ఒకరి ఇంటి కప్పు ఇంకొకరి వాకిలి.
చెయ్యి జారిన వస్తువు
నేల దొరికేలోపు మూడు వీధులు దాటుతుంది.

ఎదువీనా కెమెరా అలాగే దాటింది.
నవంబరొస్తే కొండ మీది బళ్లన్నీ తిరుగుతుందామె,
పిల్లల్ని బెంచీలెక్కించి గ్రూపు ఫొటోలు తీస్తుంది.
పన్నెండేళ్ల పట్టీ ఆ రోజే తెగింది.
నలభై మూడు మెట్లు.
మెట్టుకో పునీతుణ్ణి పిలిచిందట.
చివరి పది మెట్లకి పునీతులు అయిపోయి
బూతులు మొదలయ్యాయట.

ఎవరో పిల్లాడు రొట్టెల సంచిలో ఏరుకొచ్చాడు.
సంచి నా ముందు బోర్లించింది:
రొట్టె పొట్టు, గాజు పొడి,
మధ్యలో నల్లగా ఆ కెమెరా.
"పోయిందా?" అంది,
ఆసుపత్రి వరండాలో నర్సుని అడిగినట్టు.

గాలి ఊదాను. పట్టకారుతో పెంకులు తీశాను.
ముందు బిగించిన ఫిల్టరు నుగ్గునుగ్గు.
దాని వెనక లెన్సు
అప్పుడే నిద్రలేచిన చంటిదానిలా నన్ను చూసింది.
ఒక్క గీత లేదు.
నొక్కాను. టిక్.
ఆ చప్పుడుకి ఎదువీనా
కెమెరాని ముద్దు పెట్టుకుంది,
నా బట్టతలనీ వదల్లేదు.

ఫిల్టరు ఊసు ఎవరూ ఎత్తలేదు.
నాలుగు వేల పెసోల గాజు.
తనది కాని దెబ్బ తను తింది.
పెంకులూడ్చి, ఒట్టి చట్రం మేకుకి తగిలించాను.
ముప్పై ఏళ్లవి ఉన్నాయి ఆ మేకుకి,
గాజు లేని గాజులు.
సముద్రం వైపు కిటికీ తీస్తే
తొడిగే చెయ్యి లేకుండానే గలగలమంటాయి.

మొన్న మంగళవారం తెల్లవారుజామున
అవి కిటికీ తియ్యకుండానే గలగలమన్నాయి.
భూమి కదలడం ఇక్కడ వార్త కాదు.
కాఫీ కప్పు పట్టుకుని, ఆగేదాకా ఆగుతాం.
కానీ పై అరలో పదకొండు కెమెరాలు,
బాగై ఇంటికెళ్లాల్సినవి,
బస్సొచ్చిందని తోసుకునే జనంలా
అంచుకి జరుగుతున్నాయి.
నాకు డెబ్బై ఒకటి.
పట్టుకోగలనని కాదు.
కింద నేల ఉంది, దాని మీద నేను పడుకోవచ్చు కదా
అనిపించింది, అంతే.

లెక్క చూసుకున్నాను: పదకొండూ క్షేమం.
ఒకదానికి కొత్త సొట్ట.
దాని యజమానికి పాత సొట్టే గుర్తులేదు, చెప్పను.
నా కుడి మణికట్టు రెండు చోట్ల విరిగింది.

ఎదువీనా వచ్చింది.
మెడలో కొత్త పట్టీ, పసుపుపచ్చది,
ధర చీటీ ఇంకా ఊగుతోంది.
విప్పి నా మెడలో వేసి
చేతిని అందులో పడుకోబెట్టింది.
కెమెరాని చంకనెత్తుకుని
ఆసుపత్రి దాకా నా పక్కనే దిగింది,
ప్రతి మెట్టూ కాలితో తడిమి చూసుకుంటూ.

డాక్టరు కుర్రాడు.
నా ఎముకల ఫొటో వెలుతురుకి పట్టి చూశాడు.
బాగా తీశారు, ఫోకస్ కుదిరింది.
"ఎలా విరిగింది తాతా?"

"దానంతట అదే" అన్నాను.

తల ఊపి చీటీ రాసిచ్చాడు.